పట్టేసిన 300 మి.మీ. గేటు వాల్వు: విప్పి, బాగుచేసి, మళ్లీ లైనులో పెట్టే వరకు ప్రాజెక్టు డైరీ

ఈ డైరీని రెండు కారణాల వల్ల రాస్తున్నాను. కూలింగ్ నీటి లైన్లలో ఏళ్ల తరబడి కదలని గేటు వాల్వులు (నీటి దారికి అడ్డంగా పలకను దించి మూసే వాల్వులు) ప్రతి కర్మాగారంలోనూ ఉంటాయి కాబట్టి, వాటితో తంటాలు పడేవారికి మా కొలతలు పనికొస్తాయన్నది మొదటిది. మేము చేసిన తప్పుల్లో ఒకటి, బాగా పనిచేసిన ఒక మరమ్మతు వల్లనే మరింత ప్రమాదకరంగా మారిందన్నది రెండవది. అది 5వ దశలో ఉంది; తీరిక లేనివారు నేరుగా అక్కడికి వెళ్లవచ్చు.

వాల్వు వివరాలు: 300 మి.మీ. గేటు వాల్వు, పీడనపు తరగతి క్లాస్ 150, డబ్ల్యూ.సి.బి. రకం ఉక్కు పోత బాడీ, పైకి లేచే స్పిండిల్ (గేటు పలకను ఎత్తే, దించే మర కడ్డీ), గేర్‌బాక్సు లేని 500 మి.మీ. చక్రం. స్థలం విశాఖపట్నం దాపున సముద్రపు గాలి తగిలే ఒక కర్మాగారం. లైను ఒక హీట్ ఎక్స్‌ఛేంజర్ నుంచి వేడెక్కి తిరిగి వచ్చే కూలింగ్ నీటిది. పీడనం చదరపు సెంటీమీటరుకు 4.2 కిలోలు, ప్రవాహం గంటకు సుమారు 500 ఘనపు మీటర్లు. వాల్వు ఆరేళ్లుగా పూర్తిగా తెరిచే ఉంది. ఎక్స్‌ఛేంజర్ గొట్టాలు శుభ్రం చేయడానికి దాన్ని మూయవలసి వచ్చింది.

1వ దశ: ఉన్న స్థితిని కొలవడం (1వ రోజు)

1. స్పిండిల్ వ్యాసం వెర్నియర్‌తో 38 మి.మీ. వచ్చింది. మర అంగుళానికి నాలుగు చుట్లు, అంటే ఒక్క చుట్టుకు 6.35 మి.మీ.
2. యోక్ నట్టు (చక్రంతో పాటు తిరిగి స్పిండిల్‌ను కదిపే నట్టు) పైన కనిపిస్తున్న స్పిండిల్ పొడవు 318 మి.మీ. ఇందులో గేటు ప్రయాణం సుమారు 310 మి.మీ.; కాబట్టి పూర్తిగా మూయడానికి చక్రం దాదాపు 49 చుట్లు తిరగాలి.
3. చక్రం 11 చుట్లు తిరిగి ఆగింది. స్పిండిల్ దిగిన లోతు 70 మి.మీ.

చుట్లను లెక్కపెట్టే అలవాటు లేని చోట ఎవరైనా ఇక్కడే "వాల్వు మూసుకుంది, కానీ నీళ్లు లీకవుతున్నాయి" అని రాసేస్తారు. చక్రం గట్టిపడినంత మాత్రాన గేటు అడుగుకు చేరిందని కాదు. స్పిండిల్ మీద సుద్దతో గీత గీసి, స్కేలుతో కొలిచి, ఆ అంకెను పుస్తకంలో రాసుకున్న తరువాతే చక్రం మీద మళ్లీ చెయ్యి వేయాలి.

ఇప్పటి వరకు మొత్తం: 11 చుట్లు, 70 మి.మీ., ఖర్చు శూన్యం.

2వ దశ: కొలవకుండా బలం వాడటం (1వ రోజు సాయంత్రం)

పై కొలతలు రాసుకున్న తరువాత కూడా, ఆ రాత్రికే వాల్వు మూసి ఇవ్వాలన్న తొందరలో ఎఫ్ కీ (చక్రాన్ని పట్టి తిప్పే పొడవాటి చేతి లీవరు) తెప్పించాను. ఇద్దరు ఖలాసీలు కీ చివర పట్టుకుని లాగితే చక్రం అర చుట్టు కూడా కదల్లేదు కానీ, చక్రపు ఆకుల్లో ఒకటి మధ్య బొడ్డు దగ్గర పగిలింది. పోత ఇనుము పగిలేముందు ఏ సూచనా ఇవ్వదు. టప్పుమని ఒక చప్పుడు, అంతే. లాగుతున్న మనిషి వెనక్కి పడి మోచేయి గీరుకుపోయింది. అతని వెనుక కట్టడపు అంచు లేకపోవడం మా అదృష్టమే తప్ప మా జాగ్రత్త కాదు.

మార్చింది: చక్రం కొత్తది వేశాము (రూ. 3,500). కొలత లేకుండా కీ వాడకూడదని నియమం పెట్టుకున్నాము. ఆ నియమాన్ని నేనే ఆరో రోజున ఉల్లంఘించాను.

3వ దశ: ఎక్కడ పట్టింది? (2వ రోజు)

గేటు వాల్వు మూడు చోట్ల పట్టవచ్చు: పైన యోక్ నట్టు మరల్లో, మధ్యలో, స్పిండిల్ చుట్టూ నీరు కారకుండా బిగించే గ్లాండు ప్యాకింగ్‌లో, లోపల గేటు పలకకూ అది జారే గైడ్లకూ మధ్య. మూడింటికీ వైద్యం వేరు. వేడి చేయమనీ, నూనె పోయమనీ, సుత్తితో కొట్టమనీ ఎవరికి తోచిన సలహా వారు ఇస్తున్నప్పుడు, ముందు ఆ మూడింటిలో ఏదో తేల్చడమే మా పని అనుకున్నాము. గ్యాసు మంటతో యోక్‌ను వేడి చేయాలన్న సలహాను మాత్రం అక్కడే తిరస్కరించాను. పక్కనే మండే ద్రవం ఉన్న లైను వెళ్తోంది.

*యోక్ నట్టు పరీక్ష.* స్పిండిల్ కొనపై డయల్ గేజి ఆనించి, చక్రాన్ని రెండు దిశల్లోనూ చేతితో ఊపాము. నట్టు మరలు స్పిండిల్‌తో కలిసి బిగిసిపోయి ఉంటే స్పిండిల్ నిలువుగా అసలు కదలదు. మాకు పైకీ కిందికీ 0.4 మి.మీ. కదలిక కనిపించింది, అది మరల మధ్య ఉండే సందు. నట్టు పట్టలేదు, పొడిగా మాత్రం ఉంది.

*గ్లాండు పరీక్ష.* పర్మిట్ తీసుకుని, ముఖానికి కవచం పెట్టుకుని, గ్లాండు నట్లను ఒక్కొక్కటి అర చుట్టు మాత్రమే వదులు చేశాము, విప్పలేదు. మామూలు కూలింగ్ నీరు, 4 కిలోల పీడనం కాబట్టే ఇది చేశాను. ఆవిరి లైన్లలోనూ, ఆమ్లం, వాయువు ఉన్న లైన్లలోనూ దీన్ని అనుకరించవద్దు. నిమిషానికి ఇరవై చుక్కల చొప్పున నీరు కారడం మొదలైంది, అంటే ప్యాకింగ్ బతికే ఉంది, కానీ చెక్కలా గట్టిపడింది.

*చక్రం మీద లాగుడు.* బియ్యం బస్తాలు తూచే 50 కిలోల స్ప్రింగు తూనిక ఒకటి స్టోరులో దొరికింది. దాని కొక్కేన్ని చక్రపు అంచుకు తగిలించి, అంచుకు స్పర్శరేఖ దిశలో లాగి, చక్రం కదులుతున్నప్పటి అంకెను చదివాము. చక్రపు వ్యాసార్థం 0.25 మీటరు కాబట్టి అంకెను 9.81తోనూ 0.25తోనూ హెచ్చవేస్తే టార్క్ న్యూటన్-మీటర్లలో వస్తుంది. ఖరీదైన టార్క్ రెంచి లేని చోట ఈ తూనిక చాలు.

- తేలికగా తిరిగే 0 నుంచి 11 చుట్ల మధ్య: 14 కిలోలు, అంటే 34 న్యూటన్-మీటర్లు.
- 11వ చుట్టు దగ్గర: 50 కిలోల వరకు లాగినా కదల్లేదు, అంటే 123 న్యూటన్-మీటర్లకు పైన.

గ్లాండూ నట్టూ ప్రయాణమంతటా ఒకే తీరుగా అడ్డుపడతాయి. ఒక్క చోట వచ్చి ఆగితే అడ్డు లోపల ఉన్నట్టే. మా పెద్ద ఫిట్టరు గారు ఈ లెక్కలేవీ చూడకుండానే, ఇనుప కడ్డీ ఒక కొనను బాడీకి, మరో కొనను చెవికి ఆనించి, చక్రాన్ని కొంచెం ఊపించి, "లోపల ఇసక నమిలినట్టు వినిపిస్తోందండి, గైడ్లలో సున్నం కట్టింది" అన్నారు. ఆయన మాటే నిజమైంది. అయినా ఆ కొలతలు వృథా కాలేదు. ఎందుకో తరువాతి దశలో తెలుస్తుంది.

4వ దశ: మరలు శుభ్రం చేయడం, గ్రీజు పెట్టడం (2వ, 3వ రోజులు)

1. స్పిండిల్ మరల్లో గట్టిపడిన పాత గ్రీజును, ఉప్పుగాలికి పట్టిన తుప్పును వైరు బ్రష్షుతో, కిరోసిన్‌తో కడిగాము.
2. ఒక్కో మర సందులో కాటన్ వేస్టు తాడులా మెలిపెట్టి తుడిచాము. ఒక్క 318 మి.మీ. పొడవు శుభ్రం చేయడానికి ఇద్దరికి మూడు గంటలు పట్టింది.
3. మాలిబ్డినం గ్రీజు మరలకు పూసి, చక్రాన్ని 0 నుంచి 11 చుట్ల మధ్య ఆరుసార్లు కిందికీ పైకీ తిప్పాము.

లాగుడు 14 కిలోల నుంచి 8 కిలోలకు దిగింది. గ్లాండు వదులు చేసినందువల్ల అది మరికొంత తగ్గి 5 కిలోలకు వచ్చింది.

ఈ అంకెలను కాగితం మీద పెట్టి చూస్తే మర పని తీరు అర్థమవుతుంది. చక్రం మీద వేసిన టార్క్ స్పిండిల్ మీద నిలువు బలంగా మారేటప్పుడు చాలా భాగం మరల రాపిడిలోనే ఖర్చయిపోతుంది. 38 మి.మీ. స్పిండిల్‌కు రాపిడి గుణకం పొడి మరలకు 0.30, గ్రీజు పూసిన మరలకు 0.15 అనుకుని లెక్క వేస్తే, ప్రతి కిలోన్యూటన్ నిలువు బలానికి పొడిగా ఉన్నప్పుడు 6.5 న్యూటన్-మీటర్లు, గ్రీజు ఉన్నప్పుడు 3.7 న్యూటన్-మీటర్లు కావాలి. రెండింటి నిష్పత్తి సుమారు 1.75. మేము కొలిచిన 14కీ 8కీ నిష్పత్తి కూడా అదే. నిజానికి ఇంత దగ్గరగా కలుస్తుందని నేను అనుకోలేదు.

మరో మాటలో చెప్పాలంటే, చక్రపు అంచున అదే 50 కిలోలు లాగితే పొడి మరలతో గేటు మీద 1.9 టన్నులు పడతాయి, గ్రీజుతో 3.3 టన్నులు పడతాయి. ఆ రోజు ఈ వాక్యం రాసుకుని సంతోషించాను. దాని రెండో అర్థం తట్టలేదు.

ఇప్పటి వరకు మొత్తం: 11 చుట్లు, 70 మి.మీ.; గ్రీజు, కిరోసిన్, బ్రష్షులకు రూ. 780, చక్రంతో కలిపి రూ. 4,280.

5వ దశ: ముందుకు రెండు, వెనక్కి ఒకటి (3వ రోజు నుంచి 6వ రోజు వరకు)

తూనిక మీద 50 కిలోలు దాటకూడదన్న హద్దుతో, గేటు ఆగిన చోటికి తెచ్చి నొక్కడం, ఒక చుట్టు వెనక్కి తిప్పడం, మళ్లీ నొక్కడం. ప్రతి ఇరవై సార్లకు ఒకసారి సుద్ద గీతను కొలిచాము. నొక్కి ఉంచినప్పుడు ఫిట్టరు గారు బాడీ పక్కలపై ఇత్తడి డ్రిఫ్టుతో మెల్లగా కొట్టేవారు. ఉక్కు సుత్తితో నేరుగా పోతను కొట్టనివ్వలేదు.

- 3వ రోజు: 14 చుట్లు, 89 మి.మీ.
- 4వ రోజు: 17 చుట్లు, 108 మి.మీ.
- 5వ రోజు: 19 చుట్లు, 121 మి.మీ.
- 6వ రోజు మధ్యాహ్నం వరకు: 19 చుట్లు, 121 మి.మీ.

ఆరో రోజున గేటు కిందికి రాలేదు సరికదా, పైకి కూడా రాలేదు. గీరిన సున్నపు ముక్కలు గైడు సందుల్లోకి దూరి, మేకుల్లా రెండు వైపులా బిగించాయని తరువాత బోనెట్ (వాల్వు పై మూత) విప్పినప్పుడు చూశాము. ఉత్పత్తి విభాగం నుంచి గంటకోసారి ఫోను వస్తోంది. పైకి లాగేటప్పుడు సీటుకు (మూసినప్పుడు పలక ఆనే రింగుకు) గానీ గైడ్లకు గానీ దెబ్బ తగలదు కదా అన్న ధీమాతో, ఒక్కసారికి ఎఫ్ కీ వాడటానికి ఒప్పుకున్నాను.

ఇద్దరు మనుషులు, కలిపి 70 కిలోల లాగుడు, 0.7 మీటరు చేయి: 481 న్యూటన్-మీటర్లు. మొదటి రోజు పొడి మరలతో ఇదే కీ, ఇదే మనుషులు స్పిండిల్ మీద వేసింది 7.5 టన్నులు. ఆరో రోజున గ్రీజు పూసిన మరలతో వేసింది 13 టన్నులు. మనుషులు మారలేదు, కీ మారలేదు, వారి చేతులకు తెలిసే బరువూ మారలేదు. లోపల పడిన బలం మాత్రం దాదాపు రెట్టింపయింది. మరలు శుభ్రం చేసిన రోజే కీ పొడవును తగ్గించి ఉండాల్సింది. గ్రీజు పెట్టిన తరువాత అంతకు ముందటి లీవరును అలాగే వాడకూడదన్న మాట మా పని సూచనల్లో ఎక్కడా లేదు, ఇప్పుడు చేర్చాము.

లోపల నుంచి ఒక మొద్దు చప్పుడు వచ్చింది. చక్రం తేలిపోయింది.

6వ దశ: స్పిండిల్ చెప్పేది అబద్ధమని రుజువు చేయడం (6వ రోజు సాయంత్రం)

చక్రం చేతితో సులువుగా తిరుగుతూ, స్పిండిల్ 19వ చుట్టు నుంచి పూర్తిగా పైకి వచ్చేసింది. చుట్టూ ఉన్నవారు చప్పట్లు కొట్టారు. ఫిట్టరు గారు మాత్రం, "సార్, చక్రం ఇంత తేలిగ్గా వస్తోందంటే సంతోషపడకండి, లోపల ఏదో ఊడింది" అన్నారు. తూనిక తగిలించి చూస్తే 3 కిలోలు. నిన్నటి వరకు ఇదే ప్రయాణంలో 5 కిలోలు వచ్చేది. గేటు పలక బరువూ దాని రాపిడీ లెక్కలోంచి మాయమయ్యాయన్న మాట.

దీన్ని మరో విధంగా నిర్ధారించాలనుకున్నాము. ముందు పీడనపు గేజీలు చూశాము, ప్రయోజనం లేదు. గేటు వాల్వు మొదటి సగం ప్రయాణంలో ప్రవాహానికి పెద్దగా అడ్డుపడదు. 300 మి.మీ. గొట్టంలో గంటకు 500 ఘనపు మీటర్లంటే సెకనుకు 2 మీటర్ల వేగం. ఆ వేగంలో అరవై శాతం తెరిచి ఉన్న గేటు పోగొట్టే పీడనం కిలోలో కొన్ని వందోవంతులు మాత్రమే, మా గేజీలో అతి చిన్న గీతే 0.2 కిలో. కాబట్టి ఈ దశలో గేజీని నమ్మి "గేటు కదిలింది", "కదల్లేదు" అని ఏదీ చెప్పలేము.

పనిచేసిన పరీక్ష ఇది:

1. స్పిండిల్‌ను పూర్తిగా పైకి తీసి సుద్ద గీత పెట్టాము.
2. చేతితో, తూనిక 10 కిలోలు దాటకుండా కిందికి తిప్పుతూ చుట్లు లెక్కపెట్టాము.
3. సరిగ్గా 19వ చుట్టు దగ్గర గట్టిగా తగిలి ఆగింది. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ అక్కడే.

స్పిండిల్ పైకి వస్తోంది, గేటు 121 మి.మీ. లోతులోనే కూర్చుని ఉంది. రెండింటినీ కలిపే టీ ఆకారపు గాడి తెగింది. బయటి నుంచి చూసేవారికి మాత్రం పైకి లేచిన స్పిండిల్ "పూర్తిగా తెరిచి ఉంది" అనే చెబుతోంది. 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలండ్ అణు విద్యుత్ కేంద్రంలో తెరుచుకుని పట్టేసిన రిలీఫ్ వాల్వు విషయంలో ఆపరేటర్లను తప్పుదారి పట్టించినదీ ఇలాంటి సూచికే. అక్కడి దీపం వాల్వు స్థితిని కాక, వాల్వుకు వెళ్లిన ఆజ్ఞను మాత్రమే చూపింది. మా నీటి లైను దాని పక్కన లెక్కలోకి రాదు కానీ, ఆ రాత్రి స్పిండిల్‌కు ఎర్ర ట్యాగు కట్టి, "స్పిండిల్ స్థితి గేటు స్థితి కాదు" అని పెద్ద అక్షరాలతో రాయించాను.

7వ దశ: విడదీయడం, ఖాళీ చేయడం (షట్‌డౌన్, 0 నుంచి 8 గంటలు)

లైను నడుస్తుండగా చేయగలిగినది ఇక లేదు. మూడు వారాల తరువాత 36 గంటల షట్‌డౌన్ దొరికింది. హెడర్ (ప్రధాన గొట్టం) మీది బటర్‌ఫ్లై వాల్వు కొంత నీటిని వదులుతుందని ముందే తెలుసు కాబట్టి దాని మీద ఆధారపడకుండా ఫ్లాంజిలో బ్లైండు ప్లేటు (దారిని పూర్తిగా మూసే, రంధ్రం లేని పలక) వేశాము.

ఇక్కడ ఒక విషయం దగ్గరగా చెప్పాలి. బాడీ అడుగున ఉన్న డ్రెయిన్ వాల్వు తెరిస్తే చుక్క నీరు కూడా రాలేదు. "ఖాళీ అయిపోయింది" అని ఒకరన్నారు. ఫిట్టరు గారు పక్కకు నిలబడి సన్నని తీగను డ్రెయిన్‌లోకి పొడిచారు. నాలుగో పోటుకు గోధుమ రంగు బురద ఒక ముద్దగా ఊడి, దాని వెనుక నీరు రెండు మీటర్ల దూరం చిమ్మింది. ఆ నీరు ఆగడానికి నలభై నిమిషాలు పట్టింది. డ్రెయిన్ నుంచి నీరు రాకపోవడం లైను ఖాళీ అయిందనడానికి సాక్ష్యం కాదు, డ్రెయిన్ మూసుకుపోయిందనడానికి కూడా సాక్ష్యం కావచ్చు.

బోనెట్ విప్పిన క్రమం:

1. మొత్తం 20 స్టడ్లు. మనుషులు లేని వైపు స్టడ్లను ముందుగా రెండు చుట్లు వదులు చేశాము. ఏదీ పూర్తిగా తీయలేదు.
2. ఆ వైపున చీలిక పెట్టి జాయింటు తెరిపించి, లోపల మిగిలిన నీరు అటువైపు కారేదాకా ఆగాము.
3. తరువాతే మిగిలిన నట్లు. మూడు స్టడ్లు తుప్పుకు విరిగాయి.
4. ఒక టన్ను చైన్ బ్లాకుతో బోనెట్‌ను స్పిండిల్‌తో సహా నిలువుగా ఎత్తాము.

ఇప్పటి వరకు మొత్తం: 8 గంటలు.

8వ దశ: లోపల ఏముంది (8 నుంచి 11.5 గంటలు)

గేటు పలక పైన టీ గాడికి ఉండే రెండు పెదవుల్లో ఒకటి పూర్తిగా తెగిపోయి, మరొకటి పైకి వంగి ఉంది. తెగిన ముఖంలో బఠాణీ గింజంత పోత బుడగ కనిపించింది. బుడగ ఉన్నా, 13 టన్నులు పడకపోతే ఇంకొన్నాళ్లు ఆగేదేమో.

గైడు పట్టీల మీద 3 మి.మీ. మందాన తెల్లని సున్నపు పొర. పట్టీకీ పలకకూ మధ్య ఉండే సందు అటూ ఇటూ 2.5 మి.మీ. మాత్రమే. పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం రెండు చుక్కలు వేస్తే బుస్సున పొంగింది. పొంగకుండా మిగిలిన ఎర్రటి పొడి తుప్పు. నీరు వేడెక్కేకొద్దీ కాల్షియం కార్బొనేట్ కరిగే శక్తి తగ్గుతుంది కాబట్టి, చల్లని నీరు వచ్చే లైను కంటే వేడి నీరు తిరిగి వెళ్లే లైనులోనే ఈ పొర త్వరగా కడుతుంది. మా చల్లని నీటి వైపు వాల్వు ఇంతే వయసుదైనా ఇప్పటికీ చేతితో తిరుగుతుంది. 11 చుట్ల దగ్గరే ఎందుకు ఆగిందో కూడా ఇప్పుడు తెలిసింది: తెరిచి ఉన్న ఆరేళ్లూ పలక బోనెట్ గూటిలో కూర్చుని, తాను ఆనుకున్న పట్టీల మీద పొర కట్టనివ్వలేదు, దాని కింద, ప్రవాహానికి ఎదురుగా ఉన్న భాగంలోనే కట్టింది.

అడుగు గుంటలో పోగైన చెత్తను తూస్తే 2.3 కిలోలు: ఒండ్రు, సున్నపు పెచ్చులు, కూలింగ్ టవర్ ప్లాస్టిక్ ఫిల్ ముక్కలు, ఒక వెల్డింగు ఎలక్ట్రోడు ముక్క. గేటు గైడ్లలో పట్టకపోయినా, ఆ ముక్క మీద కూర్చుని పూర్తిగా మూసుకునేది కాదు.

పలకను బయటికి తీయడానికి మూడున్నర గంటలు పట్టింది. 12 మి.మీ. కడ్డీని పొడవాటి చిసెల్‌గా సాగగొట్టించి, గైడు సందుల్లో సున్నాన్ని పైనుంచి కిందికి గీరుతూ, ముక్కలను వాక్యూమ్‌తో లాగుతూ, మిగిలిన పెదవికి సన్నని స్లింగు వేసి చైన్ బ్లాకుతో ఊరికే బిగువుగా ఉంచాము. ఎత్తడానికి కాదు, వదులైన క్షణం తెలియడానికి. చివరికి ఒక చేత్తో గొలుసు లాగితే వచ్చింది. తూకం 38 కిలోలు.

9వ దశ: టీ గాడి వెల్డింగు, రెండుసార్లు (11.5 నుంచి 20.5 గంటలు)

కొత్త పలక రావడానికి పది వారాలు పడుతుందన్నారు. నీటి లైను, తక్కువ పీడనం, పగిలింది బయటికి లీకయ్యే భాగం కాదు కాబట్టి, కొత్తది వచ్చేదాకా వెల్డింగుతో పెదవిని కట్టాలని నిర్ణయించాము.

మొదటి ప్రయత్నం విఫలమైంది. పైపైన గ్రైండు చేసి, 7018 ఎలక్ట్రోడుతో కట్టి, డై పరీక్ష (రంగు ద్రవంతో పగుళ్లను చూపే పరీక్ష) చేస్తే పాత లోహానికీ కొత్త వెల్డుకూ మధ్య 22 మి.మీ. పొడవున ఎర్రగీత తేలింది. రెండు తప్పులు జరిగాయి. పోత బుడగ అడుగు వరకు గ్రైండు చేయకపోవడం ఒకటి. తెరిచిన పెట్టెలోని ఎలక్ట్రోడ్లను ఓవెన్‌లో ఆరబెట్టకుండా వాడటం మరొకటి. సముద్రపు ఊళ్లో వేసవి ఉక్కలో ఎలక్ట్రోడు పూత గంటల్లోనే తేమను పీల్చుకుంటుంది.

రెండో ప్రయత్నం:

1. వెల్డు అంతా కొట్టేసి, బుడగ పూర్తిగా పోయే వరకు తవ్వి, ఆ గుంతకు మళ్లీ డై పరీక్ష చేశాము. గీత లేదు.
2. ఎలక్ట్రోడ్లను 300 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు ఆరబెట్టి, వేడి పెట్టెలోంచి ఒక్కొక్కటే తీసి వాడాము.
3. పలకను 100 డిగ్రీలకు వేడి చేసి, టెంపరేచర్ చాక్‌తో సరిచూశాము.
4. పూర్తయ్యాక పొడి ఇసుకలో కప్పి నెమ్మదిగా చల్లార్చాము. డై పరీక్షలో ఏ గీతా లేదు.

గాడిని పెన్సిల్ గ్రైండర్‌తో తీర్చాము. మొదట స్పిండిల్ తలకూ గాడికీ మధ్య 0.3 మి.మీ. సందు వదిలితే పలక బిర్రుగా నిలిచింది. పలక తన సీట్ల మధ్య తానే సర్దుకోవాలంటే కొంచెం ఊగాలి, 1 మి.మీ. వరకు పెంచాక చేత్తో ఊపితే ఊగింది.

ఇప్పటి వరకు మొత్తం: 20.5 గంటలు, ఎలక్ట్రోడ్లు, గ్రైండింగు రాళ్లకు రూ. 1,650, రెండు సెట్ల డై డబ్బాలకు రూ. 2,900, అంతా కలిపి రూ. 8,830.

10వ దశ: సీట్లు, ప్యాకింగ్, బిగింపు (20.5 నుంచి 26 గంటలు)

వెల్డింగు జరుగుతుండగా మరో ఇద్దరు సీటు రింగులను కార్బోరండం పేస్టుతో రుద్దారు, ముందు 220 నంబరు గరుకు, తరువాత 400. నీలం రంగు పూసి పలకను ఆనించి చూస్తే రంగు అంటిన వెడల్పు ఒక చోట సన్నగా, మరో చోట మందంగా ఉంది. అయినా ఎక్కడా తెగని వలయంగా వచ్చింది కాబట్టి ఆపేశాము. సీటుకు కావలసింది తెగని వలయం, అందమైన వలయం కాదు.

గ్లాండులోంచి పాత ప్యాకింగ్‌ను కొక్కెంతో తీస్తే పొగాకు కట్టలా పొరలు పొరలుగా విరిగింది. గ్రాఫైట్ రింగులు ఆరు వేశాము (రూ. 3,200). ఒక్కో రింగును వేసినప్పుడల్లా చెక్క గొట్టంతో అడుగుదాకా దించి, అతుకులు ఒకదాని మీద ఒకటి రాకుండా తిప్పుతూ పెట్టాము. బోనెట్‌కు కొత్త గాస్కెట్ (రూ. 2,400). స్టడ్లను ఎదురెదురుగా, మూడు విడతల్లో బిగించాము.

ఖర్చు మొత్తం: రూ. 14,430.

11వ దశ: పరీక్ష (26 నుంచి 28 గంటలు)

వాల్వుల పరీక్షకు అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ప్రమాణమైన ఎ.పి.ఐ. 598 ప్రకారం ఈ సైజు లోహపు సీటు గేటు వాల్వుకు రెండు నిమిషాల నీటి పరీక్షలో నిమిషానికి 20 చుక్కల వరకు లీకు అనుమతి ఉంది. ఆ పరీక్ష వాల్వు రేటింగుకు తగ్గ అధిక పీడనంతో బెంచి మీద చేసేది. మేము లైనులోనే, 4.2 కిలోలతో చేశాము. కాబట్టి మా అంకె పోలికకే తప్ప ధ్రువపత్రానికి పనికిరాదు.

1. వాల్వు మూసి, కింది వైపు డ్రెయిన్ తెరిచి లెక్కపెట్టాము: నిమిషానికి 60కి పైగా చుక్కలు, చివరికి ధారే.
2. గేటును మూడు చుట్లు తెరిచి, అరనిమిషం నీటిని జోరుగా పోనిచ్చి, మళ్లీ మూశాము. చిన్న తెరపిలోంచి పోయే నీటి వేగానికి అడుగున మిగిలిన ముక్కలు కొట్టుకుపోతాయి.
3. రెండోసారి లెక్క: 31 చుక్కలు. మళ్లీ కడిగితే 18. నాలుగోసారి కూడా 18.

తిరుగుతున్నప్పుడు లాగుడు 6 కిలోలు, సీటు మీద కూర్చునేటప్పుడు 18 కిలోలు, మొత్తం చుట్లు 48న్నర. ఈ మూడు అంకెలను ఇత్తడి రేకు మీద చెక్కించి యోక్‌కు బిగించాము. ఎఫ్ కీని కోయించి, చేయి పొడవు 0.35 మీటరుకు తగ్గించాము. ఆ పొట్టి కీతో ఒక్క మనిషి 40 కిలోలు లాగితే, గ్రీజు పూసిన మరలతో 3.8 టన్నులు దాటదు.

తరువాతి నమోదులు

తెరిచి ఉంచేటప్పుడు చివరిదాకా బిగించి, అర చుట్టు వెనక్కి తిప్పి వదులుతున్నాము. నెలకొకసారి 15 చుట్లు కిందికీ పైకీ, తూనికతో అంకె.

- 1వ నెల: 6 కిలోలు.
- 2వ నెల: 6 కిలోలు.
- 3వ నెల: 6.5 కిలోలు. కొత్త గేటు పలక స్టోరుకు వచ్చింది. గాడి పెదవులకు డై పరీక్ష చేయించి, బుడగలు లేవని చూసి పెట్టాము.
- 4వ నెల: 0 నుంచి 11 చుట్ల వరకు 6.5, 12వ చుట్టు దగ్గర 9 కిలోలు. కిందికీ పైకీ నాలుగుసార్లు తిప్పాక 7కు దిగింది. వచ్చే నెల నుంచి పదిహేను రోజులకొకసారి తిప్పాలని పర్మిట్ పుస్తకంలో మార్చాము.